స్విచ్ కంటే ముందు గది కొనండి

నెట్‌వర్క్ పరికరాల టెండరు గానీ కొటేషన్ గానీ తీసుకుని చివరి పేజీకి వెళ్తే దాదాపు ప్రతిసారీ ఒక వాక్యం కనిపిస్తుంది: "సైట్ ప్రిపరేషన్ కస్టమర్ స్కోప్." అంటే పరికరాలు పెట్టే చోటును సిద్ధం చేయడం కొనేవాళ్ళ పని అని. నెట్‌వర్క్ స్విచ్‌కు, అంటే భవనంలోని కంప్యూటర్ల, కెమెరాల కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టెకు, ఎన్ని పోర్టులుండాలి, వారంటీ ఎన్నేళ్ళు, ఫైబర్ మాడ్యూళ్ళు ఎన్ని అనేవి పేజీల కొద్దీ రాస్తారు. ఆ పరికరాలన్నీ ఏ గదిలో, ఏ కరెంటు మీద, ఎంత వేడిలో ఏళ్ళ తరబడి పనిచేయాలన్నది మాత్రం ఈ ఒక్క వాక్యంతో ముగించేస్తారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో ఆసుపత్రులకు, కాలేజీలకు ర్యాకులు, అంటే ఈ పరికరాలు కూర్చునే ఇనుప ఫ్రేములు, బిగించే పనిలో నేను చాలా ఏళ్ళుగా ఉన్నాను. అక్కడ చూసిన నెట్‌వర్క్ కష్టాల్లో ఎక్కువ భాగానికి మూలం పరికరంలో లేదు, గదిలో ఉంది. ఆ గది అలా ఉండటానికి మూలం ఈ వాక్యంలో ఉంది. దీన్ని టెండర్ల నుంచి తీసేయాలని, గదికి విడిగా ఒక పద్దు, బాధ్యత తీసుకునే ఒక మనిషి, ఒక సంతకం ఉండాలని నా వాదన.

కస్టమర్ స్కోప్ అంటే ఆచరణలో ఏం జరుగుతుందో చెప్తాను. కస్టమర్ వైపు ఆ పని ఎవరిదీ కాదు. బిల్డింగ్ కట్టిన మేస్త్రికి ర్యాక్ అంటే ఒక ఇనుప బీరువా. ఎలక్ట్రీషియన్‌కు ఎక్కడో ఒక ప్లగ్ పాయింట్. కొనుగోళ్ళు చూసే అకౌంట్స్ వాళ్ళకు అది తమ పని అని కూడా తెలియదు. పరికరాలు వచ్చిన రోజున అందరూ కలిసి ఖాళీగా ఉన్న గది ఏదా అని వెతుకుతారు. అప్పటికి ఖాళీగా మిగిలేది ఎవరూ వద్దనుకున్న గదే: మెట్ల కింద మూల, బాత్రూమ్ పక్క స్టోర్ రూమ్, లేదా టెర్రస్ మీద లిఫ్ట్ మెషిన్ రూమ్ పక్కన రేకుల షెడ్డు.

ఒక ఆసుపత్రిలో ఇదే మాట మీద చాలాసేపు నడిచింది. "ఆ గది ఖాళీగానే ఉంది కదండీ, అక్కడ పెట్టేయండి" అన్నారు డాక్టరు గారు. "ఆ గోడకు అవతల వైపు వార్డు బాత్రూమ్ ఉందండి డాక్టరు గారూ, గోడ ఇప్పటికే చెమ్మగిల్లి ఉంది, చేయి పెట్టి చూడండి" అన్నాను. ఆయన చేయి పెట్టి చూశారు. వెంటనే ఒప్పుకున్నారు కూడా. కానీ వేరే గది లేదు, ఎందుకంటే ప్లాన్ గీసినప్పుడు ఈ గది ఎవరూ అడగలేదు. చివరికి రికార్డు రూములో సగం పార్టిషన్ వేసి ఇచ్చారు. తప్పు ఆయనదని నేననను. స్విచ్‌లు అమ్మినవాళ్ళు ఆర్డర్ తీసుకునే రోజున ఒక డ్రాయింగ్ ఆయన చేతిలో పెట్టి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు.

దీనికి మార్చి తోడవుతుంది. ప్రభుత్వ సంస్థల్లో, గ్రాంట్ల మీద నడిచే కాలేజీల్లో మార్చి 31 లోపు బిల్లు పెట్టకపోతే డబ్బు వెనక్కి పోతుంది. అందుకని పరికరాలు ఫిబ్రవరి, మార్చిలో దిగుతాయి. గది మాత్రం ఆగస్టుకు కూడా తయారవ్వదు. అట్టపెట్టెలు కారిడార్‌లో, ప్రిన్సిపాల్ గది వెనక దుమ్ము పట్టి పడి ఉంటాయి. చాలా కంపెనీల వారంటీ బిగించిన రోజు నుంచి కాకుండా, గోడౌన్ నుంచి పంపిన రోజు నుంచో డెలివరీ అయిన రోజు నుంచో మొదలవుతుంది. ఒక్క పోర్టు వెలగకముందే మూడేళ్ళ వారంటీలో ఆరు నెలలు కరిగిపోతాయి. ఇది ప్రజల డబ్బు. దీని గురించి ఆడిట్‌లో కూడా ఎవరూ అడగకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మన దగ్గర ఈ పని తెలిసినవాళ్ళు లేరా అంటే కావలసినంత మంది ఉన్నారు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ (అంటే డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. గూగుల్ 2025 అక్టోబరులో విశాఖపట్నంలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. అలాంటి చోట్ల భూమి, కరెంటు, చల్లదనం, నీళ్ళ లెక్క తేలాకే మొదటి ర్యాక్ లోపలికి వస్తుంది. అదే క్రమం ఒక్క ర్యాక్ ఉన్న వంద పడకల ఆసుపత్రికి కూడా వర్తిస్తుంది. పరిమాణం మారుతుందే తప్ప అడగాల్సిన ప్రశ్నలు మారవు.

మొదటి ప్రశ్న తలుపు. ర్యాక్‌లో పరికరాలు కూర్చునే కొలతలు ప్రపంచమంతా ఒకటే: పరికరం ముందు పలక వెడల్పు 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును "యూ"ల్లో లెక్కిస్తారు, ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు. 42యూ ర్యాక్‌లో పరికరాలు కూర్చునే ఎత్తే 1867 మిల్లీమీటర్లు. ఫ్రేమ్, పైకప్పు, చక్రాలు కలిస్తే 2 మీటర్లు దాటుతుంది. మన మామూలు ఏడడుగుల తలుపు 2134 మిల్లీమీటర్లు కాబట్టి నిలువుగా దూరుతుంది, ప్యాకింగ్‌తో సహా అయితే దూరకపోవచ్చు. చాలా ప్యాసింజర్ లిఫ్టుల తలుపు ఎత్తు 2 మీటర్లే. అప్పుడు హమాలీలు మెట్ల మీదుగా మోయాలి, మలుపు దగ్గర తిప్పడానికి జాగా ఉండాలి. కేబుళ్ళు సర్దుకోవడానికి వీలుగా ఉంటుందని నెట్‌వర్క్ ర్యాకులు 800 మిల్లీమీటర్ల వెడల్పువి తీసుకుంటాం. స్టోర్ రూములకు పెట్టే రెండున్నర అడుగుల తలుపు 762 మిల్లీమీటర్లే. ఈ లెక్కకు టేపు చాలు, ఇంజనీరు అక్కర్లేదు. అయినా చౌకట్టు పగలగొట్టి ర్యాక్ లోపలికి తీసుకెళ్ళిన చోట్లు నాకు తెలుసు.

గది సైజు కూడా ఇలాగే తేలిపోతుంది. ర్యాక్ లోతు ఒక మీటరు అనుకుంటే ముందు ఒక మీటరు, వెనక ఒక మీటరు ఖాళీ కావాలి. ముందు ఖాళీ లేకపోతే పరికరం ర్యాక్ లోపలి పట్టాల (రెయిల్స్) మీదికి ఎక్కదు. వెనక లేకపోతే పవర్ కార్డు మార్చాలన్నా మొత్తం ర్యాక్‌ను జరపాలి. అంటే ఒక వైపు పదడుగులు ఉండాలి. రెండో వైపు ఎనిమిది అడుగులుంటే యూపీఎస్, బ్యాటరీలు కూడా పడతాయి. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ ఒక్కోటి దాదాపు 30 కిలోలు, అలాంటివి ఎనిమిది ఉంటే బరువెంతో చూడండి. పాత భవనాల్లో పై అంతస్తు అయితే స్ట్రక్చరల్ ఇంజనీరును అడిగి, బీమ్ ఉన్న వైపు పెట్టించాలి.

గది ఎక్కడుండాలన్నది కేబుల్ నిర్ణయిస్తుంది. రాగి ఈథర్‌నెట్ కేబుల్‌కు హద్దు 100 మీటర్లు: గోడల్లో 90, రెండు చివర్లా ప్యాచ్ కార్డులకు (సాకెట్ నుంచి పరికరానికి వేసే చిన్న కేబుళ్ళు) 10. ఇది గాలిలో గీసిన దూరం కాదు, సీలింగ్ మీదుగా తిరిగి, గోడ దిగి, టేబుల్ దగ్గరికి చేరే దూరం. భవనం ఒక మూలన గది ఇస్తే రెండో మూలకు ఈ హద్దు దాటిపోతుంది, అక్కడ ఇంకో చిన్న ర్యాక్, దానికి ఇంకో కరెంటు, ఇంకో తలనొప్పి. శ్లాబ్ వేయకముందే నడిమధ్య గది అడిగి, బీముల్లో పైపులు వదిలించుకుంటే ఇదంతా తప్పుతుంది.

ఇక కరెంటు. నన్ను అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే, అందులోనూ ఎర్తింగ్. ఒక కాలేజీలో ర్యాక్ తలుపు ముట్టుకుంటే చేయి జివ్వుమంటోందని కబురొచ్చింది. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు సరిగ్గానే ఉంది. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య ఒకటో రెండో వోల్టులకు మించి ఉండకూడదని మేం చూసుకుంటాం, అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉంది. సాకెట్ విప్పి వైరు వెంట వెళ్తే ఆ పచ్చ వైరు డీబీ (కరెంటును గదులకు పంచే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) వరకు వచ్చి అక్కడే ఆగిపోయింది, భూమితో సంబంధమే లేదు. "లైట్లు, ఫ్యాన్లు అన్నీ తిరుగుతున్నాయి కదా సార్" అన్నాడు ఎలక్ట్రీషియన్. అతని మాటా నిజమే, ఎర్త్ లేకపోయినా ఫ్యాన్ తిరుగుతుంది. తేడా తెలిసేది పిడుగు పడినప్పుడు, లేదా ఎవరో తడి చేత్తో ర్యాక్ తలుపు తీసినప్పుడు.

ఎర్తింగ్ ఎలా చేయాలో మన భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 వివరంగా చెప్తుంది. కానీ గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, మూత పెట్టాక దాన్ని మళ్ళీ తెరిచి చూసేవాళ్ళు తక్కువ. మన ఎండాకాలానికి మట్టి ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది. సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములు, పిడుగులు మొదలయ్యేటప్పటికి ఎర్త్ పిట్ అధ్వాన్నమైన స్థితిలో ఉంటుంది. వేసవిలో నీళ్ళు పోయించాలి, ఏడాదికోసారి కొలిపించాలి. ర్యాక్ లోపల కూడా ఒక సంగతి ఉంది. ర్యాక్ మీద వేసే పౌడర్ కోటింగ్ కరెంటును పోనివ్వదు. అందుకని పెయింట్‌ను చీల్చే పళ్ళ వాషర్ వేసి, తలుపులకు, పక్క పలకలకు, ఫ్రేమ్‌కు విడివిడిగా ఎర్త్ వైరు కట్టాలి. రెండు భవనాల మధ్య రాగి కేబుల్ లాగకూడదు, ఫైబర్ (కరెంటు మోయని గాజు తీగ) వేయాలి. రెండు చోట్లా ఎర్త్ ఒకేలా ఉండదు, ఆ తేడా స్విచ్ పోర్టు మీద పడుతుంది. గేటు దగ్గర స్తంభం మీది కెమెరాకు రాగి కేబుల్ వేసిన చోట ఒక్క పిడుగుతో స్విచ్ సగం పోర్టులు పోవడం మా పనిలో ఉన్న ప్రతివాళ్ళూ చూసినదే.

తర్వాత వేడి. ఇక్కడ లెక్క చేయకుండా "ఏసీ పెట్టండి" అనేస్తారు, లేదా "ఫ్యాన్ చాలు" అనేస్తారు. ఒక చిన్న ఆసుపత్రి లెక్క వేద్దాం. మూడు పీవోఈ స్విచ్‌లు, అంటే కెమెరాలకు, ఫోన్లకు, వైఫై బాక్సులకు కేబుల్ మీదే కరెంటు ఇచ్చేవి. ఒక్కోటి 400 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే అందులో 250 వాట్లు కేబుళ్ళ మీదుగా బయటికి పోతాయి, 150 వాట్లు గదిలో వేడిగా మిగులుతాయి. కోర్ స్విచ్, ఫైర్‌వాల్, కెమెరా రికార్డర్, ఇంటర్నెట్ బాక్సు కలిపి 500 వాట్లు. యూపీఎస్ మోయాల్సింది మొత్తం 1700 వాట్లు. గదిలో మిగిలే వేడి అందులో 950 వాట్లే, దానికి యూపీఎస్ సొంత నష్టం పది శాతం లెక్కన 170 కలుపుకుంటే 1120 వాట్లు. ఏసీ లెక్కలో వేడిని బీటీయూల్లో కొలుస్తారు, ఒక వాట్ అంటే గంటకు 3.412 బీటీయూ కాబట్టి ఇది 3800 చిల్లర. ఒక టన్ను ఏసీ గంటకు 12,000 బీటీయూ తీస్తుంది. అంటే ఒక టన్ను ఏసీ ధారాళంగా సరిపోతుంది. యూపీఎస్ మాత్రం 3 కేవీఏ (యూపీఎస్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క) కావాలి. ఈ రెండు లెక్కలూ వేరని తెలియక చాలాచోట్ల రెండు టన్నుల ఏసీ, ఒక కేవీఏ యూపీఎస్ పెడుతుంటారు.

పీవోఈ పెరుగుతున్న వేగం కూడా చూడాలి. 2003లో వచ్చిన మొదటి ప్రమాణంలో ఒక పోర్టుకు 15.4 వాట్లు, 2009లో 30, 2018లో 90 దాకా. పదేళ్ళ కిందటి యూపీఎస్ మీద ఇవాళ్టి స్విచ్ పెడితే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అసలు చిక్కు ఏసీ సైజులో కంటే కరెంటు పోయినప్పుడు బయటపడుతుంది. కరెంటు పోగానే పరికరాలు యూపీఎస్ మీద నడుస్తూనే ఉంటాయి, వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఏసీ యూపీఎస్ మీద ఉండదు కాబట్టి ఆగిపోతుంది. మే నెలలో మూసి ఉన్న చిన్న గదిలో అరగంటలో 40 డిగ్రీలకు దగ్గరవడం చూశాను. డేటా సెంటర్లకు సిఫారసు చేసే వేడి 18 నుంచి 27 డిగ్రీలు, చాలా స్విచ్‌ల గరిష్ఠ హద్దు 45. అందుకని సర్వర్ గది ఏసీ జనరేటర్ లైన్ మీద తప్పనిసరిగా ఉండాలి. ఇంకొక మాట, దాన్ని నేను ప్రతిచోటా నొక్కి చెప్తాను: ఏసీకి ఆటో రీస్టార్ట్ ఉండాలి. లేకపోతే కరెంటు వచ్చినా ఎవరో వచ్చి రిమోట్ నొక్కే దాకా ఏసీ ఆగే ఉంటుంది. శనివారం రాత్రి కరెంటు పోయి పది నిమిషాల్లో వస్తే సోమవారం ఉదయం దాకా ఆ గది ఉడుకుతుంది. బ్యాటరీల సంగతి మరీ ఘోరం. ఇప్పుడు వాడే సీల్డ్ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టినది, ఆపైన ప్రతి పది డిగ్రీలకు అది సగమవుతుంది. అయిదేళ్ళ బ్యాటరీ రెండేళ్ళకు పోయిందంటే కంపెనీని తిట్టేముందు గదిలో థర్మామీటర్ చూడాలి.

వాస్తు ప్రకారం ఈ గది ఆగ్నేయంలో ఉండాలని ఎవరైనా అడిగితే నాకు అభ్యంతరం లేదు, మధ్యాహ్నం ఎండ పడే పడమటి గోడ కంటే అది ఎంతో నయం. పూజ కూడా చేసుకోవాలి, కొత్త పనికి అది మన పద్ధతి. కొబ్బరికాయ, హారతి మాత్రం గుమ్మం బయట చేయమని కోరతాను. కొబ్బరినీళ్ళకు, కర్పూరం మసికి యూపీఎస్ దగ్గర చోటు లేదు.

నీళ్ళు, దుమ్ము, ఎలుకలు. పైన బాత్రూమ్ ఉండకూడదు, ఏసీ ఇండోర్ యూనిట్ సరిగ్గా ర్యాక్ నెత్తిన ఉండకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగాక గ్రౌండ్ ఫ్లోర్ వద్దని ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా పోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో అద్దాల కిటికీలు ఏమయ్యాయో చూసినవాళ్ళు ఈ గదికి కిటికీ అడగరు. పుట్టీ రుద్దడం, ఫాల్స్ సీలింగ్, టైల్స్ కోత పూర్తయి, గది తుడిచాకే పరికరాల పెట్టెలు తెరవాలి. స్విచ్ ఫ్యాన్ ఆ సున్నపు పొడినంతా లోపలికి లాక్కుంటుంది. కేబుల్ వచ్చే కన్నాలన్నీ పూడ్చాలి. నిప్పుకు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టాలి. మామూలుగా వేలాడదీసే ఏబీసీ పౌడర్ సిలిండర్ మంట ఆర్పుతుంది కానీ ఆ పొడి తగిలిన బోర్డులను తర్వాత తుప్పు తినేస్తుంది.

నా వాదనకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది ఖర్చు. పేరున్న కంపెనీ 48 పోర్టుల పీవోఈ స్విచ్ ఒక్కటి లక్షల్లో ఉంటుంది. ఒక టన్ను స్ప్లిట్ ఏసీ ముప్పై, నలభై వేల దగ్గర దొరుకుతుంది. ఎర్త్ పిట్, డీబీ, తలుపు, పెయింట్ అన్నీ కలిపినా ఒక స్విచ్ ధరకు లోపే ఉంటాయి. డబ్బు లేక గది చేయించలేదన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. "అది మా లిస్టులో లేదు" అన్న మాట మాత్రం ఎన్నోసార్లు విన్నాను.

రెండోది, అంతా క్లౌడ్‌కు వెళ్తోంది కదా, ఇక గది ఎందుకు అని. క్లౌడ్‌కు వెళ్ళిన కొద్దీ ఈ గది బరువు పెరుగుతుంది. సర్వర్ గదిలోనే ఉన్న రోజుల్లో ఇంటర్నెట్ పోయినా బిల్లింగ్ నడిచేది. ఇప్పుడు ఆ ర్యాక్ ఆగితే ఆసుపత్రిలో రిజిస్ట్రేషన్ ఆగుతుంది, ల్యాబ్ రిపోర్టులు ఆగుతాయి, ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) అనుమతికి కాగితాలు అప్‌లోడ్ కావు. ఆపరేషన్ కోసం ఎదురుచూసే మనిషికి స్విచ్ వేడెక్కిందన్న సంగతి తెలియదు, ఆలస్యం మాత్రమే తెలుస్తుంది.

మూడోది మా పరిశ్రమ నుంచే వస్తుంది: మేం నెట్‌వర్క్ వాళ్ళం, సివిల్ పని మాకేం తెలుసు అని. గోడ కట్టమని ఎవరూ అడగడం లేదు. గోడ ఎక్కడ కట్టాలో చెప్పమంటున్నాను. సిస్కో, జునిపర్ లాంటి తయారీదారులు పెద్ద పరికరాలకు సైట్ ప్రిపరేషన్ గైడ్‌లు ఇస్తారు. బరువు, ఎన్ని బీటీయూల వేడి, ఏ రకం ప్లగ్, చుట్టూ ఎంత ఖాళీ, గాలి ఏ వైపు నుంచి ఏ వైపుకు వెళ్తుందో అన్నీ వాటిలో ఉంటాయి. అమ్మేవాళ్ళు ఆ లెక్కలు తీసి, ఒక్క పేజీ తెలుగులో రాసి, ఆర్డర్ తీసుకునే రోజునే మేస్త్రి చేతికి, ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వగలరు. రాజమండ్రి వైపు ఒక కాలేజీలో ప్రిన్సిపాల్ గారు శ్లాబ్ పని నడుస్తుండగానే మమ్మల్ని పిలిచి అలాంటి కాగితం రాయించుకున్నారు. ఆ గదిలో ర్యాక్ నిలబెట్టి, పరికరాలు బిగించి, వెలిగించడానికి మాకు ఒక్క పూట పట్టింది.

కాబట్టి టెండర్‌లో ఆ ఒక్క వాక్యం స్థానంలో మూడు షరతులు రావాలి. గది పనులు, అంటే ఎర్త్ పిట్, డీబీ, ఏసీ, తలుపు, కేబుల్ దారులు అన్నీ ధరలతో సహా బిల్లు జాబితాలో ఒక పద్దుగా ఉండాలి. గది సిద్ధమైందని భవనం ఇంజనీరు, ఎలక్ట్రీషియన్, పరికరాలు బిగించేవాళ్ళు ముగ్గురూ కొలతలతో సంతకం పెట్టాకే పరికరాలు గోడౌన్ నుంచి కదలాలి. వారంటీ బిగించి వెలిగించిన తేదీ నుంచి మొదలవ్వాలి. మొదటి షరతు ఉంటే మార్చిలో ఖర్చు చేయడానికి గది పనులే ఉంటాయి, పరికరాలు మరుసటి ఏడాది పద్దులో వస్తాయి. వచ్చే ఆర్థిక సంవత్సరానికి అంచనాలు రాస్తున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, స్విచ్ మోడల్ ఖరారు చేయకముందే ఈ మూడూ మీ ఫైల్లో చేర్చండి.